మూలకు చేరని బెండు

...ఆ మేకులు కొట్టింది నాన్నేనా, లేక అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళా? పడకగది కిటికీ తెరుచుకోకుండా పైనా కిందా దిగ్గొట్టిన, తుప్పు పట్టిన పొడుగాటి మేకులు. కిటికీ అవతల కాలువ ఉందన్న సంగతి చిన్నప్పుడు తనకు తెలిసింది ముక్కుతోనే, కళ్ళతో కాదు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, ఆ మేకులూ అలాగే ఉన్నాయి. కానీ ఇప్పుడివన్నీ ఎందుకు? చూడాల్సింది చచ్చిన చేపల్ని. అవి ఎదురుగా నీలం పట్టా మీద పరిచి ఉన్నాయి. వాటిని వదిలేసి మనసు ఇంటికి పోయి ఆ కిటికీ దగ్గర నిలబడింది.

డిటెక్టివ్ దాన్ని వెనక్కి లాగలేదు. మనసు చెప్పకుండా ఎక్కడికైనా పోయిందంటే అక్కడ దానికేదో పని ఉండే ఉంటుందని ఆయన అనుభవం. తిరిగొచ్చేదాకా ఓపిక పట్టడమే తన పని. ఈలోగా నీళ్ళవైపు చూశాడు.

నీళ్ళలో అడుగు కనిపిస్తోంది. అదే ఆయనకు నమ్మశక్యంగా లేదు. తను ఉంటున్న వీధి కాలువ లాంటిదే ఇదీ. ఒక చివర సముద్రం, ఇంకో చివర గోడ. అలలతో పాటు కొట్టుకొచ్చిన నాచు లోపలికి రావడమే కానీ బయటికి పోయే దారి ఉండేది కాదు. గోడ దగ్గర పేరుకుని, కుళ్ళి, నీళ్ళలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ని తినేసేది. ఊళ్ళో అన్నిటికంటే పాడైపోయిన కాలువ ఇదే కాబట్టి ప్రజల డబ్బుతో మొదట దీన్నే బాగుచేశారు. సముద్రం వైపు నోటి దగ్గర నీటి అడుగున గాలి గొట్టం పరిచారు. అందులోంచి ఎడతెగకుండా లేచే బుడగలు ఒక తెరలా నిలబడి నాచుని బయటే ఆపేస్తాయి. గోడవైపు రోడ్డు కింద నుంచి తూము వేసి అవతలి సముద్రానికి కలిపారు. తూముకు ఒకవైపే తెరుచుకునే తలుపు ఉంది. అవతల నీళ్ళు పొంగితే తెరుచుకుంటుంది, ఇవతలి నీళ్ళు వెనక్కి పోబోతే మూసుకుంటుంది. అంతే.

ఆలోచించిన కొద్దీ ఆయనకు తూము కంటే దాని వెనకున్న మనుషులే ఎక్కువ ఆశ్చర్యంగా తోచారు. కాలువ ఒడ్డున ఇల్లు లేనివాళ్ళు, ఈ వాసన ఏనాడూ పీల్చనివాళ్ళు, ఒక బస్సు కండక్టరు, ఒక టైలరు, మేడ మీద గదిలో అద్దెకుండే నర్సు, తాము కట్టే పన్నులో కొంత ఈ నీళ్ళకు పోనివ్వడానికి ఒప్పుకున్నారు. ఎవరూ పొగడకుండా జరిగిపోయిన మంచి పని అది.

మిగతా కాలువలకూ డబ్బివ్వాలా వద్దా అని తేల్చే నిధి కమిటీ ఈ పూటే వస్తోంది. సరిగ్గా ఈ పొద్దున్నే కాలువలో చేపలు చచ్చి తేలాయి. కమిటీ అధ్యక్షురాలు డిటెక్టివ్‌కు ఫోన్ చేసి ఒకటే అడిగింది: "మేం వచ్చేలోపు నిజం చెప్పగలరా? లేకపోతే చేపల్ని చూసి ఓటెయ్యాల్సి వస్తుంది."

"ఏం గురువుగారూ, వాంగ్మూలం ఇచ్చాయా?" అని వెనకనుంచి గొంతు వినిపించింది.

విజిలెన్స్ అధికారి. కనిపించిన ప్రతిదానికీ సీలు వేస్తాడని ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా 'సీలు సారు' అంటారు. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు పెట్టె మీద అప్పటికే ఎర్ర సీలు పడి ఉంది.

"లాయరు కావాలంటున్నాయి," అన్నాడు డిటెక్టివ్.

"నవ్వండి, నవ్వండి. నాది చాలా చిన్న లెక్క. రాత్రంతా నీళ్ళలో ఆక్సిజన్ పుష్కలంగా ఉందని మీటరు చెప్పింది. పొద్దున చూస్తే చేపలు చచ్చాయి. రెండిట్లో ఒకటి అబద్ధం. చచ్చిన చేప అబద్ధం చెప్పదు కదా! అంటే మీటరు చెప్పింది. మీటరు చేత చెప్పించింది ఎవరు? ఈ తూము వేయించి, మీటరు చూసుకునే ఇంజనీరమ్మ."

"చేపలు ఎందుకు చెప్పవు?"

"ఏంటీ?"

"మనుషులు చెబుతారు, మీటర్లు చెబుతాయి. చేపల మీద మీకు అంత నమ్మకం దేనికి?"

సీలు సారు ఫోన్ తీసి ఫోటో చూపించాడు. గోడకు ఎడమ మూలలో, నీళ్ళ మీద, తెల్లటి పొట్టలన్నీ ఒక్క కుప్పగా.

"అన్నీ ఈ మూలలోనేనా?"

"అన్నీ. మేం రాగానే ఫోటో తీసి, పైకి తీయించేశాం. ఆలస్యమైతే కుళ్ళిపోతాయిగా, సాక్ష్యం."

"దేంతో తీయించారు?"

"అదిగో, ఇక్కడ నాచు తోడే పెద్దాయన వలతో."

గోడకు ఆనించి పొడుగు కర్రకు కట్టిన వలబుట్ట ఉంది. దాని కళ్ళనిండా పొలుసులు మెరుస్తున్నాయి. డిటెక్టివ్ దాన్ని చూసి నిట్టూర్చాడు.

"ఆ వలకి నిన్న ఏం అంటుకుని ఉందో ఇక దేవుడికే తెలియాలి. సాక్ష్యాన్ని కాపాడుతున్నానని సాక్ష్యం మీదే చేపలు పోశారు సార్."

"మీ పాఠాలు నాకొద్దు," అన్నాడు సీలు సారు, చెవులు ఎర్రబడి. "కమిటీ వచ్చేసరికి తప్పు ఒప్పుకున్నట్టు ఆవిడ చేత సంతకం పెట్టిస్తాను. చూస్తూ ఉండండి."

గాలి మిషను గదిలో ఇంజనీరు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. మిషను ఒకటే శ్రుతిలో మోగుతోంది. గది చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచినట్టుంది. పనిముట్లు గోడకు వాటి వాటి మేకులకు వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని వెనక సున్నం మీద దాని ఆకారం గీసి ఉంది. తన పనిని ప్రేమించే మనిషి గది ఎలా ఉండాలో అలా ఉంది.

"చెయ్యి పెట్టి చూశారా?" అంది ఆమె, ముందుగా.

"దేంట్లో?"

"నీళ్ళలో. వచ్చినవాళ్ళందరూ ముందు అదే చేస్తారు. మీరింకా ఒడ్డుకి ఓ అడుగు ఎడంగానే నిలబడ్డారు, కిటికీలోంచి చూశాను."

"తర్వాత చూస్తాను," అన్నాడు డిటెక్టివ్, చేతులు జేబులో పెట్టుకుంటూ. "ఒకటి చెప్పండి. నీళ్ళు చెడిపోతే కాలువలో అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది?"

"పీతలకి. ఊపిరాడక గోడలెక్కేస్తాయి. పాత రోజుల్లో..." ఆమె ఆగిపోయింది.

"ఇవాళ పీతలు అడుగున తీరిగ్గా షికారు చేస్తున్నాయి. ఇప్పుడే చూసొచ్చాను. అంటే నీళ్ళు చెడలేదు. మీటరు నిజమే చెప్పింది. చేపలు ఈ నీళ్ళలో చావలేదు. ఇదంతా పొద్దున్నే మీకు తెలుసు."

ఆమె గుడ్డ తీసుకుని, అప్పటికే అద్దంలా ఉన్న మిషను ముఖం మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"ఆయన మిమ్మల్ని దొంగ అంటుంటే, ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?"

"మీటరుదే పొరపాటని ఒప్పుకుంటాను సార్. నేనే సరిగ్గా చూసుకోలేదంటాను. అయిపోతుంది."

"ఏమైపోతుంది? మిగతా కాలువలకి డబ్బు రాదు."

"తెలుసు."

"మీరు మళ్ళీ ఏ కాలువ దగ్గరా నిలబడలేరు."

"అదీ తెలుసు," అంది. తుడిచే చెయ్యి మాత్రం ఆగింది. ఆయన చూపు ఆ చేతి మీదే ఉంది. తన జీవితం చేతిలోంచి జారిపోతున్నా వేళ్ళు బిగించని మనిషి ఎవరినో పట్టుకుని ఉండాలి. ఎవరిని?

జవాబు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచిన పెద్దాయన, చేతిలో రెండు అరటిపళ్ళు.

"చిట్టీ, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తిను ముందు. దొంగతనం చేసినా చెయ్యకపోయినా ఆకలి వేస్తుంది."

"పెట్టి వెళ్ళు మామయ్యా."

"నువ్వు తింటేనే వెళ్తాను."

ఆమె సగం పండు తినేదాకా ఆయన కదల్లేదు. వీధిలో అందరూ ఆయన్ని 'వలమామ' అంటారు. ఇంజనీరు తల్లికి తమ్ముడు. పిల్లను చిన్నప్పటి నుంచీ తన దగ్గరే పెట్టుకుని చదివించాడు. కాలువల్లో కుళ్ళిన నాచు తోడి బల్లపడవలో బయటికి చేరవెయ్యడం ఆయన కాంట్రాక్టు. గోడ పక్కన చివరి ఇల్లు ఆయనదే. పొద్దున చేపల్ని ముందు చూసిందీ, ఫోన్ చేసిందీ ఆయనే.

డిటెక్టివ్ ఆయన వెంట బయటికి నడిచాడు. కట్టేసిన బల్లపడవ పక్కన ఇద్దరూ కూర్చున్నారు.

"ముందు చూసింది మీరేనట."

"నేనే బాబూ. వాసనకి మెలకువ వచ్చింది. అబ్బబ్బ, ఆ పాడు వాసన! ముక్కు పుటాలు పగిలిపోయాయనుకో. ఏంట్రా ఇదని లేచొచ్చి చూద్దును కదా, మూలంతా తెల్లగా తేలి ఉన్నాయి. గుండె గుభేలుమంది."

డిటెక్టివ్ పట్టా వైపు చూశాడు. ఇంతసేపు ఎండలో పడున్నా, దగ్గరికి వంగితే తప్ప ఆ చేపలు వాసన వెయ్యడం లేదు. ఎదురింటి కిటికీలు తెరిచే ఉన్నాయి, రాత్రంతా తెరిచే ఉన్నాయని ఆ ఇంటావిడ ఇందాకే చెప్పింది. ఆవిడకు ఏ వాసనా రాలేదు. ఈ పెద్దాయన ముఖంలో మాత్రం వాసన తాలూకు రోత నిజంగానే కనిపించింది. నటన కాదు. అదే ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. అబద్ధం చెప్పేవాడు లేనిదాన్ని కొత్తగా కల్పించడు, ఎన్నాళ్ళుగానో తనలో ఉన్నదాన్నే తీసి వాడుకుంటాడు. ఈయన నిద్రలేచింది పాత కాలువ ఒడ్డున.

మనసు మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది. మేకులు. ఈసారి దానికి అక్కడ పనేంటో ఆయనకు కొంచెం అర్థమైంది.

"కొత్త తూము వేశాక పని తగ్గిందా?"

"తగ్గడమేంటి, ఇక్కడ అసలు పనే లేదు. ముందైతే అర్ధరాత్రి తలుపులు బాదేవాళ్ళు. 'మామా, ఊపిరాడట్లేదు, పిల్లలు కక్కుకుంటున్నారు, రా మామా' అని. నేను వల భుజాన వేసుకుని బయల్దేరితే పెళ్ళికొడుకు వచ్చినంత సంబరం! ఇప్పుడు కనబడితే 'కూర్చో మామా, రెస్టు తీసుకో' అంటారు. నాకేం జబ్బు చేసిందా రెస్టు తీసుకోడానికి?" ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో తెగింది. "మంచిదేలే. మా చిట్టి చేసిన పని. దాని ముందు మనమెంత."

ఆ చివరి మాటలో కుళ్ళు లేదు. నిజమైన గర్వం ఉంది. ఒకే గుండెలో ఆ గర్వమూ ఇందాకటి బాధా ఎలా ఇమిడాయో ఆలోచిస్తూ డిటెక్టివ్ పడవ అంచున వేలాడుతున్న పాత వలనుంచి, అది మునిగిపోకుండా కట్టిన బెండు ఒకటి విడదీశాడు. అరచేతిలో ఇమిడే తేలికైన ముక్క.

"ఒక చిన్న సాయం చెయ్యండి. దీన్ని నీళ్ళలో వేస్తాను. వలతో పట్టి నాకివ్వాలి."

"ఓస్, అంతేనా!"

సీలు సారు దూరం నుంచే అరిచాడు. "కమిటీ వచ్చే వేళకి పిల్లలాటలేంటండీ?"

"దగ్గరికొచ్చి చూడండి సార్. టిక్కెట్టు లేదు."

మిషను గది గుమ్మంలోకి ఇంజనీరు వచ్చి నిలబడింది. డిటెక్టివ్ కాలువ ఒడ్డు వెంబడి నడిచి, నడిమధ్యకు వచ్చాక చెయ్యి చాచి బెండుని నీళ్ళలోకి విసిరాడు.

వలమామ అటు చూడనైనా లేదు. గోడ దగ్గరున్న వల తీసి, ఎన్నో ఏళ్ళ అలవాటుతో తిన్నగా ఎడమ మూలకు వెళ్ళాడు. గోడ అంచున కాలు మోపి, నడుం వంచి, వలబుట్ట నీళ్ళలో సగం ముంచి పట్టుకున్నాడు. పాదాలకు ఆ చోటు ఎంత తెలుసంటే, అక్కడి రాయి ఆయన మడమ దగ్గర అరిగి పల్లం పడింది. ఏ తొందరా లేకుండా, బెండు తన దగ్గరికి వచ్చేదాకా వేచి ఉన్నాడు.

బెండు రాలేదు.

అది కాసేపు ఉన్నచోటే తిరిగింది. తర్వాత, ఎవరో నెమ్మదిగా వేలితో తోసినట్టు, సముద్రం వైపు బయల్దేరింది. సీలు సారు పక్కనుంచి పోయింది. ఎదురింటి మెట్లు దాటింది. చివరికి దూరాన బుడగల తెర దగ్గరికి చేరి, దాటలేక, ఇవతలే ఊగుతూ ఆగిపోయింది.

"అక్కడెందుకు నిలబడ్డారు మామా?" అని డిటెక్టివ్ మూల దగ్గరికి తిరిగొచ్చి మెల్లిగా అడిగాడు.

"మరెక్కడ నిలబడను బాబూ? ఏది పడినా ఇక్కడికే కదా..."

మాట అక్కడ ఆగింది. ఆయన తల తిప్పి, బెండు ఎక్కడుందో చూశాడు. తర్వాత తన కాళ్ళ కింది నీళ్ళు చూశాడు. అక్కడే, సరిగ్గా ఆ మూలలోనే, నీటి కింద తూము నోరు తెరుచుకుని ఉంది. దాంట్లోంచి వచ్చే నీళ్ళు వలబుట్టను ఆయన నుంచి దూరంగా తోస్తున్నాయి.

"సార్," అన్నాడు డిటెక్టివ్, తన వెంట వచ్చిన సీలు సారు వైపు తిరిగి. "చేపలు రాత్రి ఈ కాలువలో చచ్చి తేలి ఉంటే తెల్లారేసరికి ఎక్కడుండాలి?"

సీలు సారు బుడగల తెర వైపు చూశాడు. ఫోన్ తీసి ఫోటో చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. మొండివాడే కానీ నిజాయితీ ఉన్నవాడు. ఆ రెండూ ఆయన ముఖంలో కాసేపు కుస్తీ పట్టాయి.

"అక్కడ," అన్నాడు చివరికి. "ఇక్కడ కాదు."

"ఇక్కడున్నాయంటే, పొద్దున తూము తలుపు కాసేపు మూసుకున్నప్పుడు, ఫోన్ చెయ్యడానికి కాస్త ముందే ఎవరో పోశారు. ఏది పడినా ఇక్కడే ఉండిపోతుందని ఒళ్ళంతా నమ్మే మనిషి పోశాడు."

"అయినా గురువుగారూ, ఒకాయన మూలలో నిలబడ్డాడని నేను రిపోర్టులో ఎలా..."

"రాయక్కర్లేదు సారూ," అన్నాడు వలమామ. వల కింద పెట్టేశాడు. ఆయన మాట్లాడుతున్నది సీలు సారుతో, చూస్తున్నది గుమ్మం వైపు. "రేవులో పారేసే చేపలు ఏరి తెచ్చాను. ఐసులో పెట్టి, వెలుగు రాకముందే పోశాను. మిషను పాడైందనుకుంటారు, మిగతా కాలువలు నాకే వదిలేస్తారనుకున్నాను. అది నీ మీదకి వస్తుందని అనుకోలేదమ్మా చిట్టీ. ఒట్టు. అనుకుంటే ఆ చేపల్లో నేనే పడి ఉండేవాణ్ణి."

ఇంజనీరు గుమ్మం దిగి వచ్చింది.

"తెలుసు మామయ్యా. పొద్దున్నే పడవలో ఐసు పెట్టె చూశాను."

"చూసీ నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావుగా."

ఆయన గోడ అంచున కూర్చుని ముఖం చేతులతో కప్పుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని, ఆ అరిగిన రాతి మీద చెయ్యి వేసింది. "తూము ఎక్కడ పెట్టాలని అందరూ తెగ వాదించుకున్నారు తెలుసా? పెద్ద పెద్ద లెక్కలు వేశారు. నాకు లెక్క అక్కర్లేకపోయింది. చిన్నప్పుడు నువ్వెక్కడ నిలబడేవాడివో అక్కడ పెట్టమన్నాను. కాలువ చెడంతా చేరేచోటు అదే కదా."

వలమామ ఆ రాతి పల్లాన్ని వేలితో తడిమాడు. తర్వాత లేచి, ప్యాంటు మడతలు విప్పి కిందికి దులుపుకున్నాడు. "వాళ్ళొస్తే నేనే చెబుతాను. నువ్వు మధ్యలో రావద్దు. నీ పని నువ్వు చూపించుకో."

డిటెక్టివ్ ఇంతవరకు ఎన్నో నేరాలు ఒప్పుకోవడం చూశాడు. ఇలా నిటారుగా నిలబడి ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. ఆ మామ నుంచే ఈ మేనకోడలు వచ్చిందని ఆయనకు అప్పుడు అర్థమైంది.

సీలు సారు మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళి, గోటితో ఎర్ర సీలు ఊడబెరకసాగాడు. వెయ్యడంలో ఉన్న నేర్పు తియ్యడంలో లేదు. "ఇది ఊడి చావదేంటి," అని గొణిగాడు. రోడ్డు మీద కార్లు ఆగిన చప్పుడు, తలుపులు మూసిన చప్పుడు వినిపించాయి. అధ్యక్షురాలి గొంతు ఎవరినో దారి అడుగుతోంది. మామా మేనకోడలూ అటు నడిచారు.

ఒడ్డున డిటెక్టివ్ ఒక్కడే మిగిలాడు. పొద్దుట్నుంచీ ఒక అడుగు ఎడంగానే నిలబడి ఉన్నానని ఇప్పుడు గమనించాడు. బెండు విసిరినప్పుడు కూడా చెయ్యే చాచాడు, కాలు కదపలేదు. పెద్దాయన కాళ్ళను ఇందాక అందరికీ చూపించాడు. తన కాళ్ళను ఎవరు చూశారు, ఆ అమ్మాయి తప్ప?

కిటికీ అవతలి ఆ నీళ్ళు ముట్టుకోవద్దని చిన్నప్పుడు అమ్మ అనేది. మంచి మాటే. అవి ఆ నీళ్ళు, ఇవి వేరు.

ఆయన ఆ అడుగు ముందుకు వేసి, రాతి మీద మోకాళ్ళూని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు దాకా నీళ్ళలో పెట్టాడు.